తడిసిన పడుగుల పుస్తకం

కొత్తవాడ నేతగాడు ఓంకార్ ఇరవై ఎనిమిదేళ్లుగా ఒక పుస్తకంలో ఒక్క సంగతే రాసి పెట్టుకుంటున్నాడు: గంజి పట్టించి వీధిలో ఆరబెట్టిన నిలువు దారాల పడుగు ఏ రోజున వానకు తడిసిందో. అది తడిస్తే గంజి కారిపోతుంది, దారాలు అతుక్కుంటాయి, చేసిన పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

ఆ ఉదయం పక్కింటి హారిక తన పరిశోధన గ్రంథంలోని ఒక అధ్యాయం చదివి వినిపించింది. నేటి నవలల్లో వాతావరణ మార్పు ఆమె విషయం. మర్నాడే విశ్వవిద్యాలయానికి సమర్పించాలి. ఒక నవలలో నడివేసవిలో పడుగు మాటిమాటికీ తడుస్తుంది. ‘ఇది రచయిత అతిశయోక్తి’ అని ఆమె తీర్పు రాసింది. ఎండలో నిలబడని విమర్శ ఇంతకంటే ఏం రాస్తుంది!

ఓంకార్ కూర్చోలేకపోయాడు. గడప దాకా వెళ్లి ఆకాశం చూశాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు.

"అతిశయోక్తా? నువ్వు ఎన్నడన్న పడుగు సాపినవా బిడ్డా?"

"నేను నవలలు చదువుతాన్న తాతా, మొగులు మీది మబ్బులు కాదు. మా సారు గూడ గదే అన్నడు."

"మీ సారును జర బయటికి రమ్మను!"

పుస్తకం తెచ్చి ఆమె ఒళ్లో పడేశాడు. మొదటి పదేళ్లలో పడుగు వేసవిలో తడిసింది మూడుసార్లు. నిరుడు ఒక్క వేసవిలోనే ఆరుసార్లు. హారిక మళ్లీ మళ్లీ లెక్కపెట్టి, తన వాక్యాన్ని కొట్టివేసింది. పుస్తకం ఒక్కరోజు ఇమ్మని అడిగింది.

"ఫోటోలు తీసుకో. పుస్తకం ఇయ్య."

"భద్రంగ తెస్త తాతా, ఫికర్ చెయ్యకు."

"నా ఫికర్ అది గాదు" అన్నాడు ఓంకార్. తెల్లవారుజామున చాపిన పడుగు వీధిలో ఇంకా ఆరలేదు. పడమట మబ్బు కమ్ముతోంది. "పొద్దుగూకెలోపు నాకే అవసరం పడేటట్టున్నది. ముందుగాల లే, ఆ కొస పట్టు."