పాట చివరి ఆమెన్

"ఆ మాట తీసేయించు."

"తియ్యను అమ్మమ్మా. పాటంతటికీ ప్రాణం అక్కడే ఉంది."

"ప్రార్థన చివర అనే మాట అది. జనం కొనుక్కు వినే పాటలో పెడతావా? రేపు సంఘంలో నేను తలెత్తుకోవద్దా?"

"నేనేమైనా అనమన్నానా? వాళ్ళే అన్నారు."

"అలవాటుకొద్దీ అన్నారు. కూరలో వెంట్రుక పడితే తీసి పారేస్తాం గానీ, రుచిగా ఉందని ఉంచుకుంటామా?"

"ఆమెన్‌ని వెంట్రుక అంటున్నావు. పైన వినపడితే నీకే తంటా."

నా మనవరాలు ఒక్క మాట పడదు. నా దగ్గర పెరిగింది మరి. షార్జాలో, రోలా దగ్గరున్న మా ఫ్లాట్ వంటగదిలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన గొడవ ఇది. తను చేస్తున్న ఆల్బమ్‌లో పాటలన్నీ అయిపోయి, చివరిది ఒక్కటే మిగిలింది. దానికి మా చర్చి సంఘం ఆడవాళ్ళ చేత కోరస్ పాడించి ఆ మధ్యాహ్నమే ఇంటికొచ్చాం. పాటకి చివరి మెరుగులు దిద్దే అతను సెలవు మీద ఊరెళ్ళిపోతున్నాడు, మర్నాడు పొద్దున్నకల్లా పంపాలి. చివరికి మనవరాలు మొహం ముడుచుకునే అంది: "వాళ్ళు నీ మాట మీద వచ్చిన మనుషులు. నువ్వు ఒద్దంటే తీసేస్తాను."

మూడో తరగతితో నా చదువు ఆగింది. బైబిలూ పాటల పుస్తకమూ చదవగలను, ఇలా నాలుగు ముక్కలు రాయగలను. గోదావరి జిల్లా నుంచి వంటమనిషిగా వచ్చి, ఇక్కడి అరబ్బుల ఇంట్లో ఏళ్ళ తరబడి పొయ్యి దగ్గర నిలబడ్డాను. నా కూతురూ అల్లుడూ డ్యూటీలకు పోతే ఈ పిల్లని పెంచింది నేనే. దానికి మాటలు సరిగా రాకముందే సంఘంలో నా పక్కన నిలబడి రాగం తీసేది. ఇప్పుడు దుబాయ్‌లో ఆఫీసు ఉద్యోగం. అది పాడేదాన్ని సోల్ సంగీతం అంటారట. అంటే ఏమిటే అని అడిగాను. ఆత్మ అంది. అయితే మనకి అందులో కొత్తేముంది అన్నాను.

ఈ పని మొదలైంది కరోనా రోజుల్లో. సంఘం మూసేశారు. ఇళ్ళల్లో పనిచేసే మా ఆడవాళ్ళని మేడములు గడప దాటనివ్వలేదు. అప్పుడు మనవరాలు బట్టల బీరువాలో తల పెట్టి, బయటి మోతలు లోపలికి రాకుండా తలుపుకి దుప్పటి కప్పి ఫోన్‌లో పాడేది. ఆ పాటలు వాళ్ళకి పంపేది. గిన్నెలు తోముతూ చెవిలో పెట్టుకుని వినేవారట. "మీ పిల్ల పాడుతుంటే తలుపు తీసినట్టుంది మామ్మగారూ" అని ఒకావిడ నాకు ఫోన్‌లో చెప్పి ఏడ్చింది. ఆల్బమ్‌లో ఈ చివరి పాట వాళ్ళ గురించే: తాళం వేసిన ఇల్లు, కడిగిన గిన్నెలు, తలుపు తీసేదాకా పాడుతూ ఉండే ఒక మనిషి. పాట మాటలు నేను ముందే చదివాను. చెడ్డమాట లేదని చూసుకున్నాకే, కోరస్ పాడతారా అని ఆడవాళ్ళని అడిగాను. అడిగీ అడగకముందే సరే అన్నారు.

ఆరాధన అవగానే అందరం వ్యానులో స్టూడియోకి వెళ్ళాం. బయట భోజనానికి డబ్బు తగలెయ్యడం ఎందుకని నేను పులిహోర కలిపి పట్టుకెళ్ళాను. కార్ల గ్యారేజీల వెనక ఒక చిన్న బిల్డింగు, లోపల గోడలకి నల్లటి స్పాంజి. మావాళ్ళు గుమ్మం దగ్గరే చెప్పులు విడిచారు. అద్దం వెనక కూర్చున్న రికార్డింగ్ అతను మలయాళీ. వరసగా ఉన్న ఆ చెప్పుల్ని ఫోటో తీసుకున్నాడు.

మొదట ఒక్కొక్కరినీ విడిగా నిలబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి పాడించాడు. ఒక్కరికీ గొంతు పెగల్లేదు. "చెవులు మూసేస్తే పక్కావిడ వినపడదు. ఎలాగ పాడేదండీ?" అని అడిగారు. ఒక్క మైకు చుట్టూ గుంపుగా నిలబెట్టమని మనవరాలు చెప్పింది. అప్పుడు లేచింది పాట! సంఘంలో అన్నేళ్ళు విన్నా అంత బాగా వాళ్ళు పాడగా నేను వినలేదు. నేను గోడవార నిలబడి చూస్తున్నాను.

చివరి రాగాన్ని మనవరాలు సాగదీసి, మెల్లగా కిందికి దించుతుండగా, అందరూ కలిసి "ఆమెన్" అన్నారు.

"అమ్మా, ఆఖిర్ మే చుప్!" అన్నాడు అద్దం వెనకాయన, చివర్లో ఏమీ అనొద్దని. మళ్ళీ పాడారు. మళ్ళీ ఆమెన్.

"నోళ్ళు మూసుకోలేరా?" అని కసిరాను.

"ఆగట్లేదండీ మామ్మగారూ. అది అనకపోతే పాట అయినట్టే ఉండట్లేదు."

పళ్ళు బిగించమన్నాను. బిగించారు. ఆమెన్ పోయింది, దాంతో పాటే పాట కూడా పోయింది. నోరు ఎప్పుడు మూసుకోవాలా అన్న ధ్యాసతోనే పాడారు. ఇంతలో వ్యాను డ్రైవరు "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ తలుపు కొట్టాడు. చెప్పిన వేళకి ఇళ్ళు చేరకపోతే మేడములు వచ్చే ఆదివారం పంపరు. ఖలాస్, అందరూ వెళ్ళిపోయారు.

ఇదీ చిక్కు. మొదట పాడినదాంట్లోంచి ఆమెన్ కోసేద్దామంటే అది నా మనవరాలి చివరి రాగం మీదే పడింది, రాగం కూడా తెగుతుంది. అది వద్దంటే పళ్ళు బిగించి పాడినదే వాడుకోవాలి. ఆ ఒక్క పాట కోసం నా మనవరాలు ఎన్నాళ్ళు జీతం మిగుల్చుకుందో నాకు తెలుసు. కొత్త బట్ట కొనలేదు, ఆఫీసుకి నా చేతి క్యారేజీయే.

"పోనీ రెండూ విను. విన్నాక వద్దను" అని నా చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టింది.

పళ్ళు బిగించినది ముందు వినిపించింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి, లోపల ఏమీ లేదు. తర్వాత మొదటిది. నా పిల్ల గొంతు నా తల మధ్యలో పాడుతున్నట్టుంది. ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. ఆడవాళ్ళు అందుకున్నారు. చివరి రాగం దిగుతోంది. అందరికన్నా ముందు, ఒంటరిగా, ఒక బొంగురు గొంతు "ఆమెన్" అంది. దాని వెనకే మిగతావాళ్ళు.

"ఎవరిదే ఆ ముసలి గొంతు?"

"గోడవార నిలబడి నోళ్ళు ముయ్యండని అందర్నీ కసిరిందే, ఆవిడది."

"నాదా? నేను పాడనే లేదు."

"పాడలేదు. విన్నావు. విని అన్నావు."

"ముందే తెలిస్తే చెప్పలేదేం?"

"చెప్తే 'నాది కాదు' అనేదానివి."

మళ్ళీ పెట్టమన్నాను. నాదే. ఇంకొకరు చేసిన ప్రార్థన మన మనసుకి పట్టినప్పుడు ఎవరూ చెప్పకుండా వచ్చే మాట అది. పాట బాగుందని మనవరాలితో నేను అంతవరకూ ఒక్కసారీ అనలేదు. పొగిడితే పిల్లలు పాడైపోతారని నా నమ్మకం. ఆ గదిలో నాకు తెలియకుండానే, అందరికన్నా ముందు అనేశాను.

"గదిలో లైటు ఊరికే వెలుగుతోంది, ఆపు" అని లేచాను.

మర్నాడు పొద్దున్న దోసెలు వేస్తుంటే ఆఫీసు బట్టలతో వచ్చి పొయ్యి పక్కన నిలబడింది.

"ఏం చెయ్యమంటావు?"

"ఉంచెయ్. నా గొంతు మాత్రం కాస్త తగ్గించమను."

తగ్గించమని అది అతనికి చెప్పలేదు. నా ముందే పాట పంపేసి, రెండు దోసెలు తిని, క్యారేజీ తీసుకుని దుబాయ్ బస్సుకి వెళ్ళింది.