బందు నాడు నడిచిన సాంచా

దయ్యం కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకే. మా సిరిసిల్లలో రాత్రి షిఫ్టు దిగి ఒంటరిగా ఇంటికి నడిచినవాళ్లు వేలల్లో ఉంటారు. దయ్యాలనేవి నిజంగా ఉంటే ముందు మాకే కనపడాలి. నాకైతే ఇన్నేళ్లలో వీధికుక్కలు తప్ప ఇంకేవీ ఎదురుపడలేదు. అందుకే ఈ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చెబితే, నేను పదిమందిని ఎగతాళి చేసిన మాటలే తిరిగి నాకు అప్పజెబుతారని తెలుసు.

తెలంగాణ ఉద్యమం మంచి జోరు మీదున్న రోజులవి. మాకు ఊరి చివర ఒక షెడ్డు, అందులో కొన్ని సాంచాలు ఉండేవి. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. నేను, తమ్ముడు, బాపు కలిసి చూసుకునేవాళ్లం. లంగాల బట్ట, లైనింగు బట్ట నేయించేవాళ్లం.

బాపుకు, అంటే మా నాన్నకు, బీపీ ఎక్కువ. గోలీలు ఇస్తే జేబులో వేసుకునేవాడు, నోట్లో వేసుకునేవాడు కాదు. ఒకసారి కళ్లు తిరిగి పడిపోతే కరీంనగర్ తీసుకుపోయాం. మనిషిని ఒంటరిగా వదలొద్దనీ, మళ్లీ పడితే వెంటనే తీసుకురావాలనీ, ఆలస్యమైతే తన చేతుల్లో ఉండదనీ డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. అప్పటినుంచి ఇంట్లో ఎవరో ఒకరు ఆయన మీద ఒక కన్ను వేసి ఉంచేవాళ్లం. అది ఆయనకు నచ్చేది కాదు. పోలీసోళ్ల లెక్క వెంటపడుతున్నారని తిట్టేవాడు.

ఆ చలికాలంలో పాలిస్టర్ నూలు తయారుచేసే ఒక కంపెనీ ఢిల్లీలో సమావేశం పెట్టింది. మాకు నూలు అమ్మే సేటు పోవాల్సింది. ఆయన బిడ్డ పెండ్లి పనుల్లో ఉండి నన్ను పొమ్మన్నాడు. విమానం టికెట్టు, హోటల్ ఖర్చు అన్నీ కంపెనీవే. బాపును తమ్ముడికి అప్పజెప్పి బయల్దేరాను. నా భార్య అప్పటికే కోరుట్లలో వాళ్ల పుట్టింటికి పోయి ఉంది.

హోటల్ గురించి గొప్పగా చెప్పకపోతే అబద్ధమాడినట్టే అవుతుంది. నేల మీద మన మొహం కనపడుతుంది. ఒక్కో మంచానికి నాలుగేసి దిండ్లు. నాకున్నది ఒక్క తల, ఎటు పెట్టాలో తెలియలేదు. తువ్వాళ్లు తెల్లగా, మందంగా, మా ఇంట్లో దుప్పట్లంత ఉన్నాయి. షెడ్డు మనుషులం, మా ఇంట్లో తెల్ల తువ్వాలు ఎప్పుడూ లేదు. గ్రీసు మరక పడితే పోదని బాపు కొననిచ్చేవాడు కాదు.

నాతోపాటు గదిలో జగిత్యాల బట్టల వ్యాపారి మల్లేశం సేటు ఉన్నాడు. పొద్దున పరదా జరిపితే బయట ఏమీ కనపడలేదు. ఎదురుగా పెద్ద భవనం ఉందని ముందురోజు చూశాం కాబట్టి ఉందనుకోవాలి. అంతా మట్టిరంగు పొగ. గొంతులో మసి గుడ్డ కుక్కినట్టు ఉండేది. బల్ల మీద ఒక అట్టముక్క పెట్టారు, ఈరోజు గాలి బాగాలేదు, కిటికీలు తెరవకండి అని. తెరుద్దామన్నా తెరుచుకోని కిటికీలకు ఆ సలహా దేనికో. గది మూలన గాలిని శుభ్రం చేసే మిషను ఒకటి గుయ్యిమంటూ ఉండేది.

"మన షెడ్ల దుమ్మే నయం రా బాబు, చేత్తోటి దులుపుకుంటే పోతది" అన్నాడు మల్లేశం సేటు.

రెండోరోజు రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. మర్నాటి నుంచి బందు. ఫ్యూజులన్నీ శిబిరంలో అప్పజెప్పామన్నాడు.

ఈ ఫ్యూజుల సంగతి కొంచెం చెప్పాలి. అంతకుముందు ఒక బందులో ఒకాయన షట్టరు దించి లోపల సాంచాలు నడిపించాడు. సాంచాల చప్పుడు దాచితే దాగేది కాదు. జనం పోయి ఆయనను బయటకు పిలిచి, కొట్టలేదు, తిట్టలేదు, నూలు చుట్టే కండెలతో దండ కట్టి మెడలో వేసి బజారంతా తిప్పారు. ఆ మనిషి చాలా రోజులు తలెత్తుకుని తిరగలేదు. అప్పటినుంచి మా వాడలో ఒక పద్ధతి వచ్చింది. బందు పిలుపు రాగానే ప్రతి యజమానీ తన షెడ్డు ఫ్యూజులు పీకి, పేరు రాసి, దీక్షా శిబిరంలో గంపలో వేయాలి. బందు అయ్యాక ఎవరివి వాళ్లు తీసుకోవాలి. ఆ గంపకు కాపలా మా తమ్ముడే. బాపుకు అదొక గర్వం. మన ఇంటి మీద ఎవ్వడూ వేలెత్తి చూపలేడని అందరితో అనేవాడు.

మర్నాడు పొద్దున సమావేశానికి ఇంకా టైముంది. నేను స్నానం చేసి, ఆ దుప్పటంత తువ్వాలు భుజాన వేసుకుని బయటకు వచ్చాను. మల్లేశం సేటు అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. అప్పుడు వినపడింది.

సాంచా చప్పుడు.

ఏదో ఒక సాంచా కాదు. మా షెడ్డులో ఒకటుంది, దాని పేరే కుంటిది. బాపు కొన్న మొదటి సాంచా. ఒక పక్క దెబ్బ బరువుగా, ఇంకో పక్క తేలికగా పడుతుంది, కుంటివాడు నడిచినట్టు. ఎన్నిసార్లు బాగుచేయించినా ఆ నడక పోలేదు. ఆ చప్పుడు మధ్య పుట్టి పెరిగినవాడిని. పసిపిల్లను ఏడుపుతో తల్లి ఎట్లా పోల్చుకుంటుందో, దాన్ని నేను అట్లా పోల్చుకుంటాను.

మొదట గాలి మిషను అనుకున్నాను. ఆపేశాను. చప్పుడు ఆగలేదు. టీవీ తీగ పీకాను. బాత్రూములో నీళ్ల గొట్టానికి చెవి పెట్టాను. తలుపు తీసి వరండాలోకి పోతే అక్కడ ఏమీ లేదు. లోపలికి వస్తే ఉంది. చెవుల్లో వేళ్లు పెట్టుకుంటే తగ్గింది, తీస్తే పెరిగింది. చెవిలో జబ్బయితే వేళ్లు పెట్టుకుంటే తగ్గదని తర్వాత ఒక డాక్టరే చెప్పాడు.

"సేటూ, నీకేమన్న ఇనవడుతుందా?" అన్నాను.

"ఏం లేదు. నువ్వేంది, గోడలకు చెవులు పెడుతున్నవ్?" అన్నాడు, సగం గీసిన గడ్డంతో.

బుద్ధున్నవాడెవడూ ఢిల్లీలో వినపడే చప్పుడు సిరిసిల్లదనుకోడు. ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ ఆ నిమిషంలో నాకు వచ్చింది భయం కాదు, కోపం. బందు నాడు మన సాంచా నడుస్తోంది, బాపు పరువు బజారున పడుతుంది అన్న ఒక్క మాటే తలలో తిరిగింది. తమ్ముడికి ఫోన్ చేశాను.

"కుంటిదాన్ని ఎవడు నడుపుతున్నడు?"

"ఏం మాట్లాడుతున్నవ్ అన్నా? బందు గదా ఇయ్యాల."

"నాకు ఇనవడుతుంది."

"ఢిల్లీలనా?" అని నవ్వాడు. నేను నవ్వలేదని తెలిసి గొంతు మార్చాడు. "మన ఫ్యూజు గీ గంపలనే ఉన్నది. నా కండ్ల ముంగట ఉన్నది. నేను శిబిరంల కూసుంటే నా షెడ్డే నడుస్తుందంటవా?"

"ఎవడన్న తీగ తగిలిచ్చి నడుపుతున్నడేమో. పోయి చూసి రా."

"గంప ఇడిసిపెట్టి పోతే నలుగురేమనుకుంటరే?"

"పోకపోతే మన మెడల పడ్తది కండెల దండ. బాపు ఏడున్నడు?"

"ఇంటికాడ ఉన్నడు" అన్నాడు, కోపంగా ఫోన్ పెట్టేశాడు.

తర్వాత తెలిసిందేమిటంటే, బాపు ఇంట్లో లేడు. శిబిరానికి పోతున్నానని తమ్ముడి భార్యకు చెప్పి బయటకు వచ్చాడు. ఇంట్లోవాళ్లు శిబిరంలో ఉన్నాడనుకున్నారు, శిబిరంలోవాళ్లు ఇంట్లో ఉన్నాడనుకున్నారు. ఆయన మాత్రం తాళంచెవి జేబులో వేసుకుని షెడ్డుకు పోయాడు. సాంచాలు ఊరికే నిలబడితే బట్ట మీద అడ్డగీత పడుతుందని, బందు రోజుల్లో ఆయన పోయి ఒక్కోదాని చక్రం చేత్తో కొంచెం తిప్పి వచ్చేవాడు. ఒంటరిగా పోవద్దని ఎంత చెప్పినా వినలేదు.

నేను మంచం మీద కూర్చున్నాను. చప్పుడు వస్తూనే ఉంది. నడకలో తేడా లేదు. సమావేశానికి టైమైంది లెమ్మని మల్లేశం సేటు అంటున్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎవరో ఫ్యూజు పీకినట్టే ఆగింది. గది అంత నిశ్శబ్దంగా ఉందని నాకు అప్పుడే తెలిసింది. కొద్దిసేపటికే ఫోన్ మోగింది.

"అన్నా, బాపు" అన్నాడు తమ్ముడు. షెడ్డు నుంచే చేస్తున్నాడు. వెనక ఎవరెవరో అరుస్తున్నారు.

బాపు తలుపు దాటి లోపలికి పోగానే పడిపోయాడు. నోరు ఒక పక్కకు వంకరపోయింది. ఊపిరి ఉంది, మాట లేదు. షెడ్డులో ఏ చప్పుడూ లేదని, సాంచాలన్నీ చల్లగా ఉన్నాయని తమ్ముడు చెప్పాడు.

రోడ్లన్నీ బందులో ఉన్నాయి. శిబిరంలో ఉన్న పిల్లలే బండ్లు వేసుకుని ఆంబులెన్సు ముందు పోయారు. పొద్దున తామే అడ్డం వేసిన రాళ్లను తామే పక్కకు దొర్లించుకుంటూ కరీంనగర్ దాకా దారి చేశారు. వాళ్లలో సగం మంది పేర్లు నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్లు చల్లగా ఉండాలి.

నేను ఢిల్లీలో ఇరుక్కున్నాను. పొగకు విమానాలు లేవలేదు. విమానాశ్రయంలో అందరూ తిట్టుకుంటూ టీలు తాగుతున్నారు. నేను ఒక కుర్చీలో కూర్చుని ఏడ్చాను. ఎవరైనా చూస్తారని కూడా అనిపించలేదు. మర్నాటికి గానీ ఆస్పత్రికి చేరలేకపోయాను.

బాపు బతికాడు. సాయంత్రం దాకా అట్లాగే పడి ఉంటే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు. ఎవరు చూశారు అని అడిగితే తమ్ముడు నా వైపు చూశాడు. వరండాలోకి వచ్చాక "నీకెట్ల తెల్సిందే?" అన్నాడు. ఇనవడ్డది అన్నాను. వాడు మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత నేను షెడ్డుకు పోయి చూశాను. బందుకు సాంచా ఆపేటప్పుడు పనివాళ్లు బట్ట మీద సుద్దతో గీత గీస్తారు, ఎంతదాకా నేశారో తెలియడానికి. కుంటిదాని మీద ఆ గీత ఎక్కడ గీశారో అక్కడే ఉంది. దాని తర్వాత ఒక్క పోగు కూడా పడలేదు. ఫ్యూజు ఇంకా గంపలోనే ఉంది, తమ్ముడి చేతిరాతతో మా పేరు. కరెంటు లేదు, బట్ట పెరగలేదు. అంటే సాంచా నడవలేదు. నాకు అక్కడితో మనసు కుదుటపడింది. ఏదో నా భ్రమ, మంచికే వచ్చింది అనుకున్నాను.

బాపుకు మాట రావడానికి కొన్నాళ్లు పట్టింది. ముద్దముద్దగా, ఆగి ఆగి వచ్చేది. మొదట ఏమడుగుతాడా అని మేమంతా మంచం చుట్టూ నిలబడ్డాం. ఆయన నా మొహం చూసి కళ్లెర్రజేశాడు.

"బందు నాడు సాంచా ఎందుకు నడిపినవ్ రా?"

మేమెవరమూ ఆయనకు ఆ సంగతి చెప్పలేదు. నేను ఫోన్‌లో ఏమన్నానో తమ్ముడికి, నాకు తప్ప ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

"నేను ఢిల్లీల ఉన్న బాపూ" అన్నాను.

"అబద్ధం చెప్పకు. నేను కింద పడి ఉన్న, చెయ్యి లేస్తలేదు, నోరు లేస్తలేదు. నువ్వు కుంటిదాని కాడ నిలవడి నడుపుతున్నవ్. లోపట్నే పిలుస్తున్న, ఎన్కకు మల్లి చూస్తలేవు. నీ ఈపు కనవడ్తుంది. దుప్పటసొంటి తెల్ల తువ్వాల భుజం మీదేసుకొని నిలవడ్డవ్. గ్రీసు అంటుతదన్న సోయి గూడ లేదు నీకు."

తువ్వాలు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతని కూడా నాకు తెలియదు.

విమానం టికెట్టు చూపించాను. మల్లేశం సేటుతో ఫోన్‌లో మాట్లాడించాను. సుద్దగీత గురించి తమ్ముడితో చెప్పించాను. అయితే నేసిన బట్ట కోసి ఎక్కడ దాచారని అడిగాడు. మొండిమనిషి. తన ప్రాణం ఎట్లా దక్కిందో ఆయనకు పట్టలేదు, బందు చెడగొట్టామన్న బాధే పట్టింది.

తెలంగాణ వచ్చిన రోజు వాడంతా రంగులు చల్లుకున్నారు. బాపు చెయ్యి అప్పటికీ పూర్తిగా రాలేదు. మంచిగున్న చేత్తో నా నోట్లో లడ్డూ పెట్టి, "అన్ని మంచిగనే చేసినవ్ కొడుకా, గా ఒక్క దినం నడపకుంట ఉండాల్సింది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఏ దినమని అడిగారు. నేను లడ్డూల పళ్లెం వాళ్ల వైపు జరిపాను.

ఆయన పోయి ఇప్పుడు చాలా ఏళ్లయింది. ఎన్నిసార్లు తిరగేసినా ఇది నా లెక్కకు అందలేదు. నేను నడపలేదని ఆయనకు చివరిదాకా చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు మాత్రం ఎవరైనా అడిగితే, నడపలేదని గట్టిగా చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.