కారెక్కిన కఫన్ మూట

సర్వలోకాలనూ పోషించే ఆ ప్రభువుకే ముందుగా సకల స్తోత్రాలు. మట్టితో మనిషిని చేసి, ఆ మట్టి మరీ మిడిసిపడకుండా అప్పుడప్పుడూ నలుగురిలో నవ్వులపాలు చేసి కాపాడే దయామయుడాయన. మోసగాడి తెలివిని తాడుగా పేని వాడి మెడకే వేయగలవాడు కూడా ఆయనే. ఆయన పేరు తలచుకుని, మా ఊరికి సినిమా వచ్చి పోయిన సంగతి చెబుతాను.

ఆ రోజుల్లో, అంటే అరవైల మొదట్లో, మా సత్తెనపల్లి చుట్టుపక్కల పల్లెలకు సినిమా అంటే ఉన్న వెర్రి ఇప్పటివాళ్ళకు చెప్పినా నమ్మరు. పత్తి బండి తోలుకుని టౌనుకు పోయినవాడు మిల్లు దగ్గర బండి వదిలేసి టూరింగు టాకీసులో నేల మీద చతికిలబడేవాడు. మర్నాడు పొలంలో ఎడ్లను కూడా కథానాయకుడి గొంతుతోనే అదిలించేవాడు. నేను అప్పుడే అరబ్బీ మదరసాలో చదువు ముగించుకుని ఊరికి తిరిగొచ్చాను. కొత్త టోపీ, కొత్త గడ్డం (గడ్డమని నేను అనుకునేవాణ్ణి, చూసేవాళ్ళు గెడ్డాన మసి అంటిందేమోనని తుడవబోయేవాళ్ళు), ప్రపంచంలో ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం. సినిమా పాపమని, సినిమా పాట వినడం పాపమని, ఆ పాట ఈల వేస్తున్నవాడి పక్కన నడవడం కూడా అంత మంచిది కాదని మసీదు మెట్ల మీద రోజూ చెప్పేవాణ్ణి. వినడానికి ఒక మేక, ఇద్దరు ముసలివాళ్ళు ఉండేవాళ్ళు. ముసలివాళ్ళలో ఒకాయనకు చెవుడు.

మాది దూది ఏకే కుటుంబం. నమాజు అరబ్బీలో చదివినా ఇంట్లో తిట్టుకున్నా, మెచ్చుకున్నా తెలుగే. ఇంటికి పెద్ద మా నానమ్మ. ఆమె రేకు పెట్టెలో పచ్చ పట్టుగుడ్డతో చుట్టిన మూట ఒకటి ఉండేది. అందులో ఉన్నది ఆమె కఫన్, అంటే పోయినప్పుడు ఒంటికి చుట్టే తెల్లగుడ్డ. మా తాత ఓడెక్కి మక్కా పోయినప్పుడు ఒక తాను కొని, అక్కడి పవిత్రమైన జమ్‌జమ్ బావి నీళ్ళలో తడిపి ఆరబెట్టి తెచ్చాడట. దాన్ని రెండుగా చించి ఒకటి తనకు, ఒకటి ఆమెకు అన్నాడట. ఆయన తన భాగం చుట్టుకుని ముందే వెళ్ళిపోయాడు. ఆమె తన భాగాన్ని అత్తరు, కర్పూరం వేసి దాచుకుని, ఏటా ఒకసారి ఎండబెట్టేది. నా కొత్త చదువు ఊరుకుంటుందా?

"గ్రంథంలో ఇట్టాంటివి లేవు నానమ్మా. శుభ్రంగా ఉంటే ఏ గుడ్డయినా ఒకటే" అన్నాను.

"నువ్వు పోయినప్పుడు గోనెపట్టా చుట్టిస్తాలే. రేపు ప్రళయం నాడు గోరీల్లోంచి అందరం లేచి నిలబడ్డప్పుడు మీ తాత నన్ను గుర్తుపట్టొద్దంట్రా? ఆయనకు చూపు కూడా ఆనదు. నా పెట్టె జోలికి రామాక" అంది.

ఇలా ఉండగా మిరపకోతల కాలంలో మా ఊళ్ళో ఒక మనిషి దిగాడు. తెల్ల ప్యాంటు, నల్ల కళ్ళద్దాలు, మెడలో రుమాలు. మద్రాసు నుంచి వచ్చానన్నాడు కాబట్టి మద్రాసు బాబు అయ్యాడు. (మద్రాసు నుంచి వచ్చానని చెబితే చాలు, అప్పట్లో మా వాళ్ళు మజ్జిగలో వెన్న వేసి ఇచ్చేవాళ్ళు.) సినిమా తీస్తున్నానన్నాడు. ఆయన్ని ముందుగా పట్టుకున్నది మా బడి మేష్టారు. పిల్లలకు ఎక్కాలు చెబుతూ మధ్యలో అద్దంలో మీసం చూసుకునే ఆ మహానుభావుడికి సినిమాలో మేజిస్ట్రేటు వేషం ఇస్తాననేసరికి, సగం ఊరిని తానే తిరిగి ఒప్పించాడు. చదువుకున్నవాడు వెర్రివాడైతే ఊరికి ఎంత చేటో నేను అప్పుడే చూశాను. తరవాత కూడా చూశాను.

మేష్టారి అరుగు మీద మద్రాసు బాబు కథ చెప్పాడు. "ఒక మోసగాడు ఉంటాడండీ. ముసలివాళ్ళను నమ్మించి, కోడళ్ళకు కూడా చూపించకుండా దాచుకున్న వస్తువులన్నీ పట్టుకుపోతాడు. నవ్విస్తాం, నవ్విస్తూనే జనానికి వెన్నులో చలి పుట్టిస్తాం."

"మోసగాడి వేషం ఎవరిదండీ?" అన్నాడు మేష్టారు.

"నేనేనండీ."

ఆ మనిషి మా ఊళ్ళో పలికిన నిజం అదొక్కటే. దాన్నే మావాళ్ళు నటన అనుకున్నారు.

నిజమైన ముసలివాళ్ళే కావాలన్నాడు. గిల్టు సామాను కెమెరా ఇట్టే పట్టేస్తుందని, ఎవరి వస్తువులు వాళ్ళే తెచ్చుకోవాలన్నాడు. ఎర్రటి మిరపకాయల మధ్య తీస్తే రంగు బ్రహ్మాండంగా వస్తుందన్నాడు. తీసేది నలుపు తెలుపుల సినిమా అని కూడా ఆయనే చెప్పాడు. ఈ రెండు మాటలకూ పొంతన ఏమిటని అడిగినవాడు లేడు. కాసుల అవ్వ అని మేం పిలిచే కరణం గారి తల్లి కాసులపేరు తీసుకొస్తానంది. ఎప్పుడూ చుట్ట కాలుస్తూ ఉండే పొగాకు పెద్దయ్య మాత్రం వెనకాడాడు.

"నాకున్నది ఈ వెండి మొలతాడొక్కటే బాబూ. ఇది తీస్తే పంచె నిలవదు."

"చేత్తో పట్టుకోండి పెద్దయ్యా. దీనంగా ఉంటుంది. జనం కరిగిపోతారు."

నాకు అన్నిటికన్నా తల కొట్టేసినట్టయింది నానమ్మ కూడా ఒప్పుకోవడం. మసీదు మెట్ల మీద నేను సినిమాను తిడుతుంటే మా ఇంట్లోంచే ఒక తార పుట్టుకొచ్చిందన్నమాట. నిలదీశాను.

"నాకు నీ సినిమా ఎందుకురా? కథ ఆఖర్లో ఆ దొంగ మనసు మారి, అన్నీ తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టి, తప్పులు ఒప్పుకుని తౌబా చేస్తాడంట. అందరిలోకీ నన్నే ఎంచుకున్నాడు. ఒక పాపాత్ముడు దేవుడికి దణ్ణం పెట్టుకోటానికి నేను అడ్డమెందుకు రావాలి? పుణ్యం కాదూ?"

"వాడు చేసేది ఉత్తుత్తి తౌబా నానమ్మా."

"నువ్వు మొన్న తెల్లారుజామున ఫజర్ నమాజు కునుకుతూ చదివావు. దాని సంగతేంది?"

ఆమె తనకు అన్నిటికన్నా విలువైనదని ఆ పచ్చ పట్టుమూటే తీసింది. మూట బరువుగా, ముడి మీద ముడితో ఉండటం చూసి మద్రాసు బాబు కళ్ళద్దాల వెనక కళ్ళు మెరిసి ఉంటాయి. "విప్పొద్దు అవ్వా, అందులో ఏముందో జనానికి తెలియకూడదు" అన్నాడు. ఆశ మనిషిచేత ఎంత శ్రద్ధగా తన గొయ్యి తాను తవ్విస్తుందో చూడండి.

చిత్రీకరణ మిట్టమధ్యాహ్నం, మా ఊరి మిరప కల్లంలో పెట్టారు. మూడు కాళ్ళ మీద ఒక పెట్టె, దాని మీద నల్లగుడ్డ, పక్కన తిప్పే పిడి. పిడి తిప్పే గౌరవం మేష్టారికి దక్కింది. ఆపకుండా తిప్పాలని, తల బయట పెడితే వెలుతురు పడి ఫిలిం పాడవుతుందని చెబితే, ఆ ఎండలో నల్లగుడ్డ కింద దూరి తిప్పడం మొదలెట్టాడు. నేనా, కల్లం చివర అటు తిరిగి నిలబడి, పాపం కంట పడకుండా కళ్ళు గట్టిగా మూసుకుని జపమాల తిప్పుతున్నాను. ఊరంతా సినిమా చూడ్డానికి వస్తే, నేను సినిమా చూడనని అందరికీ చూపించడానికి వెళ్ళాను.

ముసలివాళ్ళు మిరపకాయల మీద కూర్చున్నారు. ఇక ఏడుపుకు నటన అక్కర్లేకపోయింది, ఘాటే చూసుకుంది. మద్రాసు బాబు ఒక్కొక్కరి దగ్గరా మాయమాటలు చెబుతూ మూటలు అందుకున్నాడు. సత్తెనపల్లి నుంచి బాడుగకు తెచ్చిన టాక్సీ ఎక్కాడు. "నేనొచ్చి చాలు అనేదాకా ఏడుస్తూనే ఉండాలి" అని చెప్పి తలుపు వేసుకున్నాడు. కారు కదిలింది. ముసలివాళ్ళు గుండెలు బాదుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఎంత బాగా పారిపోతున్నాడో చూడమని ఒకరికొకరు చెప్పుకుని మళ్ళీ కొట్టారు.

ఏడ్చినవాళ్ళు ఏడ్చి అలిసిపోయారు. మేష్టారు నల్లగుడ్డలోంచి చెమటలో తడిసి ముద్దయి బయటికొచ్చి, "కారు ఇంకా వెనక్కి రాలేదేంటి?" అన్నాడు. ఎవరో పెట్టె మూత తీశారు. అది కాఫీ గింజలు పొడి చేసే మర. మేష్టారు అంతసేపూ శ్రద్ధగా గాలిని పొడి చేశాడు.

అప్పుడు మొదలైంది అసలు ఏడుపు. కానీ చప్పట్లు లేవు. పొగాకు పెద్దయ్య రోడ్డు మీదికి పరిగెత్తబోయి పంచె గుర్తొచ్చి ఆగిపోయాడు. కారు రోడ్డెక్కాక ఏ దారి పట్టిందని నన్ను అడిగారు, ఆ చివర రోడ్డు వైపు తిరిగి ఉన్నది నేనొక్కణ్ణే కదా. కళ్ళు మూసుకున్నానని చెప్పాను. కాసుల అవ్వ నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

నానమ్మ మాత్రం కూర్చున్నచోటి నుంచి లేవలేదు. నేను దగ్గరికెళ్ళి గొంతు సవరించుకుని, "పోతే పోయింది నానమ్మా. శుభ్రంగా ఉంటే ఏ గుడ్డయినా..." అన్నాను.

"నోరుమూసుకోరా" అంది మెల్లగా. ఆమె చేతులు ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. వేళ్ళు మాత్రం ఇంకా ముడి పట్టుకున్నట్టే కదులుతున్నాయి. "ఆఖర్లో తెచ్చి ఇస్తానన్నాడు. కథ ఇంకా అవలేదు."

పిచ్చిదనుకున్నాను.

అక్కడ కారు సంగతి తరవాత డ్రైవరు చెప్పాడు. అతనికి ఏ పాపమూ తెలియదు. పొరుగూరి మసీదు ముందుకొచ్చేసరికి ఇంజను వేడెక్కి పొగలు కక్కింది. నీళ్ళు పోయడానికి ఆపాడు. అప్పుడే మధ్యాహ్నపు జుహర్ నమాజు ముగిసి జనం బయటికొస్తున్నారు. వెనక సీట్లో మద్రాసు బాబు బంగారం ఎంతుందో చూద్దామని పచ్చమూట విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. తెల్లగుడ్డ తప్ప ఏమీ లేదు. ఆ కోపంలో, మిరపకాయలు పట్టిన చేత్తోనే కళ్ళు నులుముకున్నాడు. కారులోంచి గుప్పున కర్పూరం, అత్తరు వాసన. ఒళ్ళో కఫన్. కళ్ళ వెంట ధారలు.

మా మతంలో చావు ఒక ఇంటి సంగతి కాదు. ఒకరు పోతే ఆ చుట్టుపక్కల వాళ్ళందరి మీదా బాధ్యత పడుతుంది. కొందరైనా ముందుకొచ్చి సాగనంపితే సరే, ఎవరూ రాకపోతే పాపం అందరిదీ. ఆలస్యం కూడా చేయకూడదు. కఫన్ కంటపడ్డాక ఊరుకునే మనుషులు ఆ మసీదులో లేరు.

మసీదు పెద్ద కిటికీలోంచి తొంగిచూసి, "ఎవరు పోయారు నాయనా?" అన్నాడు.

ఎవరూ పోలేదంటే ఈ గుడ్డ ఎక్కడిదంటారు. అబద్ధం నాలిక చివర ఉంచుకుని బతికేవాడు కదా, "మా అవ్వండీ" అన్నాడు.

"ఏ ఊరు?"

డ్రైవరు నీళ్ళు పోస్తూ మా ఊరి పేరు చెప్పాడు.

"మరి ఊరు అటుంటే ఇటు పోతన్నావేంది?"

"పాపం, దుఃఖంలో దారి తప్పాడు" అన్నారు ఎవరో. "మనమే తీసుకుపోదాం పదండి."

"నేను గుంటూరు వెళ్ళి చుట్టాలకు చెప్పాలండీ" అన్నాడు మద్రాసు బాబు.

"కబురు మావాళ్ళు చెబుతారు. స్నానం చేయించారా?"

"లేదండీ."

"అదీ లేదా? ఇంకా ఎవరున్నారు ఇంట్లో?"

"ఎవరూ లేరండీ."

ఈ మాటతో పూర్తిగా మునిగిపోయాడు. దిక్కులేని శవమంటే వాళ్ళకు కాళ్ళు ఆగలేదు. స్నానం చేయించడానికి ఇద్దరు ఆడవాళ్ళు ముందు సీట్లో ఎక్కారు. పారలు పట్టుకుని కుర్రాళ్ళు కారు రెక్కల మీద నిలబడ్డారు. శవాన్ని మోసే జనాజా మంచం బండికెత్తారు. మసీదు పెద్ద మద్రాసు బాబు పక్కనే కూర్చుని, భుజం చుట్టూ చెయ్యి వేసి, దారి పొడుగునా ఓదారుస్తూ వచ్చాడు. ఆ చెయ్యి గెడకర్రలా ఉందని, వదిలించుకోవడం ఎవరి తరమూ కాదని డ్రైవరు చెప్పాడు.

కారు మా కల్లం ముందు ఆగింది. పారల కుర్రాళ్ళు ఎవరినీ అడక్కుండా నేరుగా మా శ్మశానానికి పోయి తవ్వడం మొదలుపెట్టారు. వెనకే బండి మీద మంచం వచ్చింది. నానమ్మ తల పైకెత్తింది.

"ఎవరు పోయారు?"

"ఈ బాబు వాళ్ళ అవ్వంట. ఇల్లెక్కడ?" అన్నాడు మసీదు పెద్ద.

"ఆ గుడ్డ నాది."

మసీదు పెద్ద గుడ్డ వంక, ఆమె వంక, పక్కనున్నవాడి వంక చూశాడు. "అయితే పోయింది నువ్వేనంటమ్మా" అన్నాడు నెమ్మదిగా. భుజం మీది చెయ్యి అప్పుడు మెడ మీదికి జరిగింది.

జనం ఎగబడబోతే నానమ్మ చెయ్యెత్తి ఆపింది. "ముందు కథ కానీండి. ఆ మూటలు నా కాళ్ళ దగ్గర పెడతానన్నావు, పెట్టు." పెట్టాడు. "తౌబా చేస్తానన్నావు, చెయ్." చేశాడు. వెక్కివెక్కి ఏడ్చాడు. అది పశ్చాత్తాపమో, మిరపకాయో, మెడ మీది చెయ్యో పైవాడికే తెలియాలి. నానమ్మ మూట ముడి బిగించుకుంటూ నాతో, "చెప్పాడుగా, ఆఖర్లో తెచ్చి ఇస్తానని" అంది. పోలీసులొచ్చేలోపు, ఆమె కోసం తవ్విన గొయ్యిని ఆ తెల్ల ప్యాంటుతోనే పూడ్పించారు. పెద్దయ్య మొలతాడు కట్టుకుని, చుట్ట వెలిగించి, పక్కన నిలబడి లోపాలు చెప్పాడు. మేష్టారు ఆ నెలంతా ఎవరి కంటా పడలేదు. ఆయన ఇంట్లో కాఫీ మాత్రం మానేశారని విన్నాం.

నానమ్మ ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. పోయినప్పుడు, ఆమె చెప్పి ఉంచినట్టే ఆ పూడ్చిన చోటనే తవ్వించాం. పెట్టెలోంచి గుడ్డ తీసి ఆడవాళ్ళకు అందించింది నేనే. కర్పూరం వాసనలో సన్నగా ఇంకేదో ఘాటు తగిలి, అందరూ కళ్ళు తుడుచుకుంటున్నచోట నేను గట్టిగా తుమ్మాను.

ఇప్పుడు నా గడ్డం నిజమైన గడ్డమే, తెల్లబడింది కూడా. నా బీరువాలో ఒక తెల్లగుడ్డ ఉంది. నా మనవడు మదరసా నుంచి కొత్త టోపీతో వచ్చి, "ఏ గుడ్డయినా ఒకటే తాతా" అంటాడు. వాడు చెప్పేది నిజమే. గోనెపట్టా చుట్టిస్తాలే అని నానమ్మ గొంతుతో అంటే వాడికి అర్థం కాదు, నాకు నవ్వొస్తుంది. చదువుతున్న మీరు ఒక్కసారి నాతో చేతులెత్తండి. ప్రభూ, చూపు ఆనని మా తాత ఆ రోజున మా నానమ్మను గుర్తుపట్టేలా చేయి. ఆ మద్రాసు మనిషి కన్నీళ్ళలో మిరపకాయ పోగా ఏమైనా మిగిలి ఉంటే దాన్ని స్వీకరించు. కళ్ళు మూసుకుని భక్తి చేసే కుర్రాళ్ళకు కాస్త కళ్ళు తెరిపించు. ఆమీన్ అనండి.