గున్న గురించి రాసిచ్చిన నాలుగు పేజీలు

పోయిన వారం మా బ్లాకు కింద కూరగాయల సంచీతో లిఫ్టు వైపు వస్తూ ఉంటే, ఎదురుగా ఉన్న కాండోలో, అంటే ప్రైవేటు అపార్ట్‌మెంట్లలో, కొత్తగా దిగిన మన తెలుగమ్మాయి ఒకతె బెంచీ మీద ఏడుపు మొహంతో కూర్చుని కనిపించింది. ఏమైందమ్మా అని పలకరించడమే పాపం, ఆ పిల్ల తన గోడంతా వెళ్లబోసుకుంది. రెండు నెలల గోల్డెన్ రిట్రీవర్ పిల్లని తెచ్చుకున్నారట, సోఫా లేదు, పరుపు లేదు, లాప్‌టాప్ సంచీ లేదు, ఎక్కడ పడితే అక్కడ కానిచ్చేస్తోందట, మొగుడేమో ఆఫీసు పేరు చెప్పి పొద్దున్నే జారుకుంటున్నాడట. నేను సంచీ కింద పెట్టి, తిన్న పది నిమిషాలకీ నిద్ర లేవగానే ఆడుకున్న తర్వాతా దాన్ని ఒకే చోటికి తీసుకెళ్లమనీ, పని కానిచ్చిన క్షణంలోనే మెచ్చుకోమనీ, చేసిన తప్పుకి దాని ముక్కుని నేలకేసి రాయొద్దనీ, ఆ చోటు ఫినాయిల్‌తో కాక వెనిగర్ నీళ్లతో తుడవమనీ గడగడా చెప్పేశాను. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, "ఆంటీ, మీరు కుక్కని పెంచారా?" అంది. పెంచానని మాత్రం చెప్పి పైకి వచ్చేశాను. వచ్చాక కూర తరుగుదామని కూర్చుంటే కత్తిపీట ముందు అరగంట అలాగే ఉండిపోయాను.

పదిహేనేళ్లు దాటి ఉంటుంది. అప్పుడు మేం అద్దెకున్నది కూడా ఒక కాండోలోనే. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు ఆఫీసులో నేను చేస్తున్న కాంట్రాక్టు ఉద్యోగం అయిపోయింది, మళ్లీ ఇంకోటి దొరకలేదు. మా ఆయనా అక్కడికి దగ్గర్లోనే ఇంకో కంపెనీలో ప్రాజెక్టులు చూసేవారు. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు, స్కూలు అయ్యాక కూడా ట్యూషనూ ఈతా అంటూ సాయంత్రం గానీ ఇల్లు చేరేది కాదు. ఉద్యోగం చేసిన ఆడవాళ్లకి తెలుస్తుంది, ఒక్కసారిగా రోజంతా ఇంట్లో పడి ఉండడం ఎంత నరకమో. ఫ్రిజ్ చప్పుడు కూడా పెద్దగా వినపడేది నాకు. మధ్యాహ్నం పూట ఎవరైనా తలుపు కొడితే బాగుండునని ఎదురుచూసేదాన్ని, కొరియర్ అబ్బాయి వచ్చినా సరే.

అలాంటి రోజుల్లో ఒక శనివారం సాయంత్రం మా ఆయన బట్టల బుట్ట ఒకటి చేత్తో పట్టుకుని వచ్చారు. అందులో తువ్వాలు, తువ్వాల్లో మీగడ రంగు లాబ్రడార్ పిల్ల. ఒళ్లంతా ఒక ఎత్తు, ఆ పాదాలు ఒక ఎత్తు, ఎవరివో పెద్ద కుక్కవి అరువు తెచ్చి అతికించినట్టున్నాయి. "నీకోసమే" అన్నారాయన. ఆ మాట నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో, ఎన్ని రకాలుగా తలుచుకున్నానో చెప్పలేను. అప్పటికి మాత్రం పెళ్లయిన పదేళ్లలో నా మనసులో ఉన్నది నేను చెప్పకుండానే ఈయన కనిపెట్టిన రోజు ఇదొక్కటే అనుకుని మురిసిపోయాను. ఏనుగు పిల్లలా ఉందని గున్న అని పేరు పెట్టాను.

ఇక మొదలైంది నా చాకిరీ. టీకాలు పూర్తయ్యేదాకా బయటికి తీసుకెళ్లకూడదు కాబట్టి బాల్కనీ అంతా న్యూస్‌పేపర్లు పరిచాను. వెధవ, సరిగ్గా పేపరు దాకా వెళ్లి, ముందరి కాళ్లు రెండూ పేపరు మీద పెట్టి, వెనక భాగం నేల మీద ఉంచి పని కానిచ్చేవాడు, పైగా ఎంతో ఘనకార్యం చేసినట్టు నా మొహం వంక చూసేవాడు. నేను వాడి వెనకాలే వంగి వంగి తిరుగుతూ తుడిచేదాన్ని. దేవుడి పీట కోళ్లు కొరికాడు, నా ముగ్గు పిండి డబ్బా దొర్లించి మీసాలూ ముక్కూ తెల్లగా చేసుకుని మా అత్తగారితో వీడియో కాల్ మాట్లాడుతుంటే మధ్యలో దూరాడు. ఆవిడ అటునుంచి, దేవుడి గదిలోకి కుక్కని రానిస్తావటే అని కోప్పడి, మూడు రోజులు నాతో మాట్లాడలేదు. పెద్ద జాతి పిల్లలకి కీళ్లు గట్టిపడేదాకా మెట్లు ఎక్కించకూడదనీ, గబగబా బరువు పెరగనివ్వకూడదనీ డాక్టరు చెబితే, వాడు ఎంత దీనంగా చూసినా కొలతకి మించి ఒక్క గింజ పెట్టేదాన్ని కాదు. అన్నం తినే వేళకి మాత్రం పెరుగన్నం ముద్ద ఒకటి నా చేతిలోంచి పోయేది, అది డాక్టరుకి చెప్పలేదనుకోండి.

ఆ కాండోలో ఇంకో చోద్యం ఉండేది. లిఫ్టులో కుక్కని ఎత్తుకునే తీసుకెళ్లాలి, నేల మీద నిలబెట్టకూడదు, అది వాళ్ల రూలు. రెండు నెలల పిల్లప్పుడు బాగానే ఉంది, ఆర్నెల్లు వచ్చేసరికి పాతిక కిలోల దున్నపోతు. వాణ్ని చంకనేసుకుని, నాలుగు కాళ్లూ నా చుట్టూ వేలాడుతుంటే లిఫ్టులో నిలబడేసరికి తలప్రాణం తోకకి వచ్చేది. కింద సెక్యూరిటీ చూసే పెద్దాయన రోజూ నవ్వుతూ, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో, "ఆంటీ, టుమారో హి క్యారీ యూ లా!" అనేవాడు. నేను గున్న చెవిలో, ఇంకెన్నాళ్లురా, మన సొంత ఫ్లాట్ వచ్చేస్తోంది, అక్కడ ఎవరూ మనల్ని అడిగేవాళ్లు ఉండరు అని చెప్పేదాన్ని.

నిజంగా అలాగే నమ్మాను. సెంగ్‌కాంగ్‌లో మాకు గవర్నమెంటు ఫ్లాట్ కేటాయించి అప్పటికి రెండేళ్లు దాటింది, ఏ నెలలోనైనా తాళాలు ఇస్తామన్నారు. మనకి తెలిసిన లోకం ఏమిటి? అద్దె ఇంటివాళ్లు కుక్క ఉందంటే ఇల్లివ్వరు, సొంతింట్లో ఏనుగుని కట్టేసుకున్నా అడిగేవాడు ఉండడు. మన ఊళ్లలో పుట్టి పెరిగిన ఎవరికైనా బుర్రలో ఇదే ఉంటుంది. ఈ దేశంలో అది తలకిందులని, అద్దె కాండోలో ఉండనిచ్చిన పెద్ద కుక్కని సొంతంగా కొనుక్కున్న ఆ గవర్నమెంటు ఫ్లాట్లలో ఉండనివ్వరని, అక్కడ చిన్న జాతి కుక్కలకే అనుమతి అని నాకు తట్టనే లేదు. ఎవరినీ అడగనూ లేదు. కొత్తింటి ప్లాను కాగితం మీద, వంటింటి పక్క మూల, గున్న పడక అని పెన్సిలుతో రాసుకున్నాను. ఆ కాగితం మా ఆయన రోజూ చూసేవారు.

ఏడో నెల వచ్చేసరికి గున్న చూసి తీరవలసిన పిల్లాడయ్యాడు. నాలుగు గంటలు ఆగేవాడు, తలుపు దగ్గరికి వెళ్లి ఒక్కసారి గోకి కూర్చునేవాడు, ఆగు అంటే ఆగేవాడు, వదులు అంటే నోట్లోది వదిలేవాడు, చెట్టు దగ్గరికి వెళ్లి 'కానియ్' అంటే కానిచ్చేవాడు. అన్నీ తెలుగులోనే. మా అమ్మాయి నాకు ఇంగ్లీషులో జవాబిచ్చేది గానీ వాడితో మాత్రం తెలుగే మాట్లాడేది, అదొక ఉపకారం. వాడికి భయం ఒక్కటే, ఉరుములు. ఇక్కడ ఉరుములకి కొదవేముంది! ఆకాశం నల్లబడగానే వణుకుతూ నా దగ్గరికి వచ్చేవాడు, నేను నేల మీద పడుకుని వాడి ఎడమ చెవిని గుప్పిట్లో మూసి పట్టుకుంటే, వాన వెలిసేదాకా అలాగే ఒరిగి ఉండేవాడు. ఎన్ని మధ్యాహ్నాలు అలా గడిచాయో. నాకు ఉద్యోగం పోయిన బెంగ ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు.

పదో నెలలో ఒక రోజు మా ఆయన, గున్న అలవాట్లన్నీ ఒక చోట రాసిపెట్టు అన్నారు. ఎందుకని నేను అడగలేదు. సెలవలకి ఇండియా వెళ్తాం కదా, వీణ్ని ఏదైనా బోర్డింగ్‌లో ఉంచితే వాళ్లకి ఇవ్వడానికి కాబోలనుకున్నాను. ఆయనది మామూలుగానే అలాంటి బుద్ధి, ఆఫీసులో ఒకరి పని ఇంకొకరికి అప్పగించేటప్పుడు 'కేటీ' అని ఒక తతంగం ఉంటుంది కదా, తెలిసిందంతా కాగితం మీద పెట్టి అవతలివాళ్లకి నేర్పడం, ఇంట్లో వాషింగ్ మెషీనుకి కూడా అలాంటి కాగితం అంటించిన మనిషి. నేను రెండు మధ్యాహ్నాలు కూర్చుని, నాలుగు పేజీలు, ఎంతో ఇష్టంగా రాశాను. ఎంత తింటాడు, ఎప్పుడు వెళ్తాడు, ఏ మాటకి ఏం చేస్తాడు, చెవుల్లో ఎలా తుడవాలి, అలిగితే ఎలా బతిమాలాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, మా అమ్మాయి చిన్నప్పటి సంగతులు కూడా నేనంత శ్రద్ధగా రాసుకోలేదు.

కొత్త ఫ్లాట్ తాళాలు వచ్చిన రెండో శనివారం పొద్దున్న బెల్లు మోగింది. వచ్చింది మా ఆయన ఆఫీసులో మేనేజరూ, ఆ మేనేజరు భార్యా. తరాలుగా ఇక్కడే స్థిరపడ్డ తమిళులు, తోట ఉన్న సొంత ఇల్లు. చెప్పకుండా వచ్చారే అని గాభరాపడి కాఫీ పెట్టడానికి వెళ్లాను. ట్రే తీసుకుని వచ్చేసరికి ఆవిడ ముందు బల్ల మీద నాలుగు కాగితాలున్నాయి, చక్కగా ఇంగ్లీషులో టైపు చేసినవి. మొదటి వాక్యం కళ్లబడింది. తిన్న పది నిమిషాలకి తీసుకెళ్లాలి, ఒకే చోటికి. నా మాటలే. పక్కనే వాడి లైసెన్సు కాగితం, అందులో యజమాని పేరు మేనేజరుది, మేం వాడిని తెచ్చిన వారం నాటి నుంచీ. ఆస్పత్రి ఫైలూ లైసెన్సూ అన్నీ మా ఆయనే చూసుకుంటున్నారని నేనెప్పుడూ తెరిచి చూడలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "వర్త్ ద వెయిట్ లా, సిస్టర్! టెన్ మంత్స్! యువర్ హస్బెండ్ ప్రామిస్డ్, మై వైఫ్ విల్ ట్రెయిన్ హిమ్ ఫస్ట్ క్లాస్" అంది. ఆవిడ తప్పేమీ లేదు, నాకు అంతా తెలుసనుకుంది.

వంటింట్లోకి వెళ్తే మా ఆయన వెనకాలే వచ్చారు. కొత్త ఫ్లాట్‌లో పెద్ద కుక్కని ఉంచనివ్వరనీ, ఆ సంగతి తనకి మొదట్నుంచీ తెలుసనీ, మేనేజరు గారికి లాబ్రడార్ కావాలి గానీ పిల్లప్పటి కంపు భరించే ఓపిక లేదనీ, నాకేమో తోడు కావలసి వచ్చిందనీ, అందుకే ఇలా కుదిర్చాననీ మెల్లిగా చెప్పారు. "చెబితే నువ్వు వాణ్ని ముట్టుకునేదానివే కాదు కదా. అందరికీ మంచిదేగా జరిగింది" అన్నారు. ఆయన మొహంలో తప్పు చేసిన జాడే లేదు, అదే నాకు ఒళ్లు మండించింది. ఒక పని శుభ్రంగా ముగిసిన తృప్తి ఉంది. నా పది నెలల పిచ్చి ప్రేమ ఆయన ప్రాజెక్టు ప్లానులో ఒక గడి అన్నమాట. ఛీ అనిపించింది. నా మొహం మీద ఏం కనపడిందో గానీ, మా అమ్మాయి వచ్చి నా కొంగు పట్టుకుని, "ఇట్స్ ఓకే లా అమ్మా, దేర్ గాట్ గార్డెన్, పప్పా టోల్డ్ మీ లాంగ్ టైమ్ ఆల్రెడీ" అంది. ఇంట్లో తెలియనిది నా ఒక్కదానికే. నోట్లో నువ్వుగింజ నానని ఆ వయసు పిల్ల చేత కూడా నా దగ్గర దాపరికం చేయించారు.

వచ్చినవాళ్ల ముందు రచ్చ చేసే పెంపకం కాదు కదా మనది. గొలుసు నేనే తగిలించాను. వాడు షికారనుకుని తోక ఊపుతూ బయల్దేరాడు. లిఫ్టు దగ్గర ఆవిడ వెనక్కి తిరిగి, ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా సిస్టర్ అని అడిగింది. ఉరుముల సంగతి పేజీల్లో రాయలేదని అప్పుడు గుర్తొచ్చింది. నాలిక చివరిదాకా వచ్చింది. లేదండీ, అంతా రాసిందే అన్నాను.

మూడు వారాల తర్వాత ఆవిడ ఫోన్ చేసిందని మా ఆయన చెప్పారు. ఉరిమితే చాలు గాజు తలుపుకేసి పడి కొట్టుకుంటున్నాడట, మీ ఇంట్లో ఏం చేసేవారని అడిగిందట. ఏమో, మన ఇంట్లో ఎప్పుడూ అలా చేయలేదే అన్నాను, ఆయన మొహంలోకి చూస్తూనే. ఆ రోజు నాకెంత హాయిగా ఉందో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మర్నాడు మధ్యాహ్నం సెంగ్‌కాంగ్ మీద కుండపోత. కొత్తింట్లో విప్పని అట్టపెట్టెల మధ్య నిలబడి ఉరుములు వింటూ, అక్కడ వాడు గాజుకేసి తల బాదుకుంటున్నాడని తెలిసీ ఎంతసేపు అలా ఉండిపోయానో! చివరికి నేనే ఆవిడకి ఫోన్ చేసి, నేల మీద పడుకోండి, ఎడమ చెవి గుప్పిట్లో పట్టుకోండి అని చెప్పాను. థాంక్యూ సిస్టర్ అని వెంటనే పెట్టేసింది, వాడి దగ్గరికే పరిగెత్తి ఉంటుంది. ఆ తర్వాత వాళ్లింటికి ఎన్నిసార్లు పిలిచినా నేను వెళ్లలేదు. వాడికి చార్లీ అని పేరు మార్చారనీ, పన్నెండేళ్లు సుఖంగా బతికాడనీ మాత్రం విన్నాను.

మా ఆయన చెడ్డవారని అనుకోకండి. నాకు జ్వరం వస్తే రసం పెట్టే మనిషి, రిటైరయ్యాక మరీ నెమ్మదైపోయారు. ఆ విషయం మా మధ్య ఎప్పుడో సద్దుమణిగింది, ఆయన దృష్టిలో అసలు అదొక విషయమే కాదు. ఈ మధ్య మాత్రం ఒక మాట పట్టుకున్నారు. ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో, ఏ డబ్బాలో ఏముందో, పండక్కి ఎవరికి ఫోన్ చేయాలో అన్నీ నీ బుర్రలోనే ఉన్నాయి, రేపు నీకేమైనా అయితే నేనేం చేయాలి, ఒక కాగితం మీద రాసిపెట్టు అంటారు. మన వయసులో న్యాయమైన కోరికే. రేపు చూద్దాంలెండి అంటాను. బద్ధకమనుకుంటారు ఆయన. కాగితమూ పెన్నూ ముందేసుకుని కూర్చున్న రోజులు కూడా ఉన్నాయి. ఎందుకో, ఎవరికో అని అనుమానం వచ్చి చెయ్యి ఆగిపోతుంది. గున్న మీద బెంగ ఏడాదికో రెండేళ్లకో తీరిపోయింది. రాసిపెట్టు అనగానే ఎందుకని అడగకుండా రెండు మధ్యాహ్నాలు కూర్చుని నాలుగు పేజీలు రాసిచ్చిన ఆ మనిషి మీదే నాకు ఇప్పటికీ బెంగ.