లాడాలు లేని గుర్రం

ఆటోలు వచ్చేసిన రెండువేల సంవత్సరం తర్వాత కూడా సోమందేపల్లెలో ఒక జట్కా ఉండేది. బస్సు దిగి అదే ఎక్కాను. గుర్రం కాళ్ళకు లాడాలు లేవు. కొత్త ఊళ్ళో కాలు పెట్టగానే నీతులు చెప్పడం నాకు అలవాటు.

"మూగజీవాన్ని ఉత్త కాళ్ళతో రాళ్ళ మీద నడిపిస్తారా?" అని కసిరాను.

జట్కా తోలే ఖాదర్ వెనక్కి తిరిగాడు. "నేను తీసినానా అప్పా? మా లీడరు పీకించుకోని పోయినాడు. పరుగెత్తిన గుర్రం లాడం గడపకు కొడితే ఎలక్షన్లో గెలుస్తారని ఎవరో చెప్పినారంట. నాలుగూ కొట్టుకున్నాడు."

"గెలిచాడా?"

"డిపాజిట్టే పాయె. గుర్రానికి మాత్రం కలిసొచ్చినాది. ముందు లాడాల మేకులు గుచ్చుకోని కుంటుతాండె. ఇప్పుడు గిట్టలు గట్టిపడినాయి, కుంటు పోయినాది. ఇంక లాడాలు ఏంటికి?"

"మరి ఆయన?"

"మళ్ళా నిలబడతాడంట. ఈసారి ఎద్దుల లాడాల కోసం తిరుగుతాండాడు."

దారిలో ఆ ఇల్లు చూపించాడు. గడపకు నాలుగు లాడాలూ పసుపు కుంకుమలతో మెరుస్తున్నాయి. లాడాలు కొట్టించుకున్న ఇల్లు ఉన్నచోటే ఉంది. ఉత్త కాళ్ళ గుర్రం దానివైపు తల కూడా తిప్పకుండా దాటి వెళ్ళిపోయింది.