ఎప్పుడు వాడకూడదో రాసిన మనిషి

తార్నాక మెట్రో దగ్గరి జిరాక్స్ షాపులో పింఛను కాగితాలు కాపీ తీయిస్తుంటే, మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం వెచ్చగా చేతికి తగిలింది. ఆ వేడికి, ఆ వాసనకు విశాలాక్షి మేడం గుర్తొచ్చింది. అట్లాంటి వెచ్చటి కాగితమే నా చేతిలో పెట్టి, "చదువు సత్తెమ్మా" అనేది. ప్రేమగా అనేదనుకోకండి. ఆమె నాతో ఏదీ ప్రేమగా అనలేదు.

నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక డిపార్ట్‌మెంట్‌లో ఊడ్చి, తుడిచి, టీలు అందించిన మనిషిని. ఉండేది వారాసిగూడ. యాభై దాటాక, స్టూడెంట్లు నడిపే సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దాను. మేడం అనంతపురం వైపు మనిషి, కాంట్రాక్టు మీద వచ్చింది. హాస్టల్ పనులు చూడడానికి అక్కడ ఒక ఏఐ ఏజెంట్‌ను, అంటే కంప్యూటర్‌లో గుమస్తాలాంటి దాన్ని, తయారు చేస్తున్నారు. దాని చేతికి పనిముట్లలాగా, గది ఇవ్వడానికి ఒక టూల్, మార్చడానికి ఒకటి, రద్దు చేయడానికి ఇంకొకటి. ఏ టూల్ ఏం చేస్తుందో మేడం రాయాలి. ఏజెంట్ అది చదువుకొని తానే పని చేసేస్తుంది. కొత్తగా చేరిన గుమస్తాకైతే పక్క సీటువాళ్లను అడిగే వీలుంటుంది. దానికి ఆ రాత తప్ప వేరే దిక్కు లేదు.

ఒకరోజు కారిడార్‌లో నోటీసును నేను కూడబలుక్కోవడం చూసి ఆగింది. "చదువుకున్నోళ్లు రాయనిది కూడా చదివేస్తారు. నువ్వు ఉండేదే చదువుతావు. నాకు అదే కావల్ల" అన్నది. అప్పట్నుంచి ముందు తెలుగులో రాసి, నాతో చదివించి, ఆ తర్వాతే ఇంగ్లీషులో పెట్టేది.

మొదటి కాగితం గది రద్దుది. విద్యార్థి ఖాళీ చేసి వెళ్లినప్పుడు ఈ టూల్ గదిని రద్దు చేస్తుంది అని ఉంది, అంతే. "ఇప్పుడు నువ్వే ఏజెంట్‌వి. ఒక పిల్ల చానా రోజులుగా మెస్సుకు రాలేదు. రద్దు చేస్తావా?" అని అడిగింది.

"ఎందుకు చేస్త మేడం? ఊరికి పోయి ఉంటది. ఎంతమందిని చూడలే."

"నీకు తెలిసింది నాకొద్దు. కాగితంలో ఉండేది చెప్పు."

తిప్పి తిప్పి చూశాను. "కాగితంలయితే ఏం లేదు."

"లేకపోతే?"

"పోయిందనుకొని చేసేస్త."

"అదీ అంతే చేస్తుంది."

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్ల నా ఎరుకను వద్దనడానికి ఈమెవరు అనుకున్నాను. ఆమె అప్పటికే మళ్లీ రాస్తున్నది. సెలవు మీద పోవడం ఖాళీ చేయడం కాదు. మెస్సుకు రాకపోవడం ఖాళీ చేయడం కాదు. విద్యార్థి తానే అడిగితేనే ఈ టూల్ వాడాలి. అనుమానముంటే ఆగి వార్డెన్‌ను అడగాలి. రద్దయిన గది వరుసలో ఉన్న ఇంకొకరికి పోతుంది, వెనక్కి రాదు. "ఎప్పుడు వాడాలో ఎవడైనా రాస్తాడు. ఎప్పుడు వాడకూడదో రాసేదే నా పని" అన్నది. మర్నాడు టీ తెమ్మంటే చక్కెర లేకుండా తెచ్చాను. చక్కెర ఏదీ అని అడిగితే, "మీరు చెప్పిన దాంట్ల లేదు మేడం" అన్నాను. ఆమె నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ప్రాజెక్టు చూసే సారుకు ఆ రాత నచ్చలేదు. "ఇదేంటి విశాలాక్షి గారూ, చాంతాడంత? అది మనకంటే తెలివైంది. వచ్చే వారం డెమో, ఒక్కో టూల్‌కు ఒక్క లైను చాలు."

"ఎంత తెలివైనా చెప్పంది ఎట్ల తెలుస్తుంది సార్?"

"మీ కాంట్రాక్టు ఫైలు కూడా ఈ వారమే నా టేబుల్ మీదికొస్తుంది కదా" అన్నాడు, నవ్వుతూనే. నేను కప్పులు తీస్తూ అక్కడే ఉన్నాను. మేడంకు ఆ జీతం తప్ప ఇంకో ఆధారం లేదు. అయినా, "నేను తీయను, తీయాలంటే మీరే తీయండి" అన్నది. తీశాడు. మొదటి వాక్యం ఒక్కటే మిగిలింది. కింద ఆమె పేరు మాత్రం తీయలేదు.

ఏజెంట్ పని మొదలుపెట్టిన కొన్నాళ్లకు ఒక పిల్ల డిపార్ట్‌మెంట్‌కు వచ్చింది. కామెర్లతో ఆస్పత్రిలో ఉండి వచ్చింది, కళ్లింకా పచ్చగానే ఉన్నాయి. "నా రూమ్ వేరేవాళ్లకు ఇచ్చేశారు మేడం. సామానంతా వరండాలో పడేసిన్రు. నేనెక్కడికి పోవాలె?" మేడం ఆమెను ఆటోలో ఎక్కించుకొని తార్నాకలో తన అద్దె గదికి తీసుకుపోయింది.

మీటింగు పెట్టారు. రాసిందెవరు అన్నారు. సారు మేడం వైపు చూశాడు. తీసిందెవరో తెలిసినవాళ్లు బల్ల వైపు చూశారు. టీ పెట్టడానికి వెళ్లిన నేను ఉండబట్టలేక, "సార్, నేను చదివిన దాంట్ల ఉండె. మెస్సుకు రాకున్నా తీయొద్దని ఉండె" అన్నాను.

"నువ్వు చదివినవా సత్తెమ్మా?" అన్నాడు. "ఇంకేం, మనందరం రిటైరయిపోవచ్చు." గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. మేడం నవ్వలేదు, నా వైపు చూడనూ లేదు. ఆ నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు.

ఆమె కుర్చీలోకి వచ్చినాయన ఒకరోజు, గది రద్దుకు మళ్లీ పెద్ద వివరణ పెట్టామన్నాడు. తెలుగులో చెప్పమంటే చెప్పాడు. ఒక్క మాట తేడా లేదు, అన్నీ ఆమెవే. ఎవరు రాశారని అడిగితే సారు పేరు చెప్పాడు. తప్పున్నప్పుడు ఆమె పేరు, ఒప్పయ్యాక సారు పేరు.

మేడం అంబర్‌పేట్‌లో ట్యూషన్లు చెప్పుకుంటున్నదని తెలిసి వెళ్లాను. గడపలో నిలబడే చెప్పాను.

"నిజంగా మళ్లీ పెట్టినారా?" అన్నది.

"పెట్టిన్రు. పేరు మాత్రం సారుది."

"పేరు పోనీలే. ఇంకో పిల్ల సామాను వరండాలో పడదు కదా" అని, పిల్లల వైపు తిరిగి ఆపిన లెక్క అందుకుంది.

నాకు ఆ మాట నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. ఎవరేం పని చెప్పినా, ఎప్పుడు చేయొద్దో కూడా చెప్పమంటాను. కోడలు విసుక్కుంటుంది. ఆ అలవాటు మేడం ఇచ్చిందే. కోపం మాత్రం ఆమె ఇవ్వలేదు. ఆమె ఆ గడప దగ్గర దించేసుకుంటే నేను ఎత్తుకున్నాను. బస్సు క్యాంపస్ మీదుగా పోయేటప్పుడు పక్క సీట్లో ఎవరుంటే వాళ్లతో అంటాను: ఈ లోపల ఒక ఏజెంట్ ఉన్నది, ఎక్కడ ఆగాలో దానికి రాసి చెప్పింది విశాలాక్షి అనే మనిషి, ఆ సారు కాదు. చాలామంది కిటికీ వైపు తిరుగుతారు. వాళ్ల స్టాపు వచ్చేదాకా చెప్తూనే ఉంటాను.