గులాబీ మొక్కకు జరీ శాలువా

ఈ ఉదయం కాఫీ కలుపుకుంటూ వంటింటి కిటికీలోంచి చూశాను. పక్కింటి ఐరిష్ ఆవిడ తన గులాబీ మొక్కకు జరీ అంచు శాలువా చుట్టి తాడు కడుతోంది. షికాగో పక్కనున్న మా నేపర్‌విల్‌లో మంచు పడేముందు మొక్కలకు గోనెపట్టా చుట్టడం మామూలే. కానీ అది సన్మానపు శాలువా. మా తెలుగువాళ్ళు చప్పట్లు కొట్టి మరీ ఆవిడకు కప్పినది. చూడగానే నాకు తల కొట్టేసినట్టయింది.

నేను బడి ముఖం సరిగా చూడనివాణ్ణి. షికాగోలో ఒక ప్రెస్సులో పనిచేస్తూ, కంటబడ్డ కాగితమల్లా చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాను. రిటైరయ్యాక ఆవిడా నేనూ కంచెకు చెరోవైపు నిలబడి పొద్దుపుచ్చేవాళ్ళం. ఆవిడ ఆపిల్ పై ఇస్తుంది, నేను గోంగూర పచ్చడి ఇస్తాను. తిన్నారా అని ఒకరినొకరం అడగం. వంశవృక్షాలు తవ్వుకోవడం ఈ దేశంలో రిటైరైనవాళ్ళ వ్యసనం. అలా తవ్వుతూ ఆవిడ తన పూర్వీకురాలిని ఒకామెను కనుక్కుంది. ఐర్లండులో పనిమనిషి. ఆ రోజుల్లో కొత్తచోట పనికి కుదరాలంటే పాత దొరసాని 'ఈ పిల్లకు పని వచ్చు' అని రాసివ్వాలట. ఈమెకు ఎవరూ రాసివ్వలేదు. తనంతట తానే అక్షరాలు దిద్దుకుని, లేని దొరసానిని సృష్టించి, ఆ సంతకంతో తనే రాసుకుంది. తోటి ఆడపిల్లలకూ రాసిపెట్టింది. పట్టుబడింది. ఫోర్జరీ కింద శిక్షవేసి, ఓడెక్కించి ఆస్ట్రేలియా పక్కనున్న ద్వీపానికి పంపేశారు. చంకలో పిల్లను చెల్లెలికి అప్పగించి వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. ఆ పిల్ల సంతానమే తర్వాత షికాగో చేరింది. ఇంట్లో మాత్రం ఆమె పేరు ఎత్తకూడదు. "నేను పోయేలోగా పదిమంది ముందు ఒక్కసారి ఆ పేరు చెప్పాలి" అనేది ఆవిడ.

ఇంతలో మా తెలుగు సంఘం అధ్యక్షుడు ఆగస్టు పదిహేను స్వాతంత్ర్య దినోత్సవానికి పిలవడానికి వచ్చి, కంచె దగ్గర సగం కథ విన్నాడు. ఇంగ్లీషువాళ్ళు ఓడెక్కించి ద్వీపాంతరం పంపారన్న ముక్క చాలు, మనవాళ్ళకి వెంటనే అండమాన్ జైలు కనిపిస్తుంది. "బాబాయ్ గారూ, ఫ్రీడమ్ ఫైటర్ ఫ్యామిలీని పక్కింట్లో పెట్టుకుని చెప్పరేంటండీ! ఈవిడే మన చీఫ్ గెస్ట్, ఫిక్స్ చేసేస్తున్నా" అన్నాడు. అది కాదయ్యా అని నేను నోరు తెరిచేలోగా కారెక్కేశాడు. వాళ్ళు పొరబడ్డారని ఆవిడకు చెప్పాను. "అయితే నేనే సరిచేస్తాలే" అని నవ్వింది. పేరు చెప్పడానికి పదిమంది దొరికారని ఆవిడ సంతోషం.

హాలు నిండిపోయింది. శాలువా కప్పారు, దండ వేశారు. ఆవిడ మైకు ముందుకొచ్చి తిన్నగా చెప్పింది: "మా ముత్తవ్వలలో ఒకరు. వీరురాలేం కాదు. అనుభవం ఉందని దొంగ ఉత్తరం రాసుకుని పనిలో చేరింది. పని మాత్రం బాగా చేసిందట." హాలు చల్లబడిపోయింది. ఏవగింపుతో అయితే నాకింత బాధ ఉండేది కాదు. ఆ కుర్చీల్లో చేయని ఉద్యోగాలకు అనుభవపత్రాలు పట్టుకొచ్చినవాళ్ళు ఎందరో! అవి రాయించి ఇచ్చే కన్సల్టెన్సీ పెద్దమనిషే మా అధ్యక్షుడు. మూడో వరసలో మా మేనల్లుడు తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. వాడి ఉద్యోగానికి పంచిన లడ్డూ నేనూ తిన్నాను.

అధ్యక్షుడు నా చెవిలో, "ఆపించండి బాబాయ్ గారూ. ఈ ఎక్స్‌పీరియన్స్ లెటర్ల గొడవ ఇప్పుడెందుకండీ? వీడియో లైవ్ వెళ్తోంది. ఫ్రీడమ్ ఫైటర్ అని ముగించేయమనండి" అన్నాడు.

"నువ్వే రాసివ్వు. అలవాటేగా!" అన్నాను.

అతని ముఖం నల్లబడింది. వెనక్కి తిరిగి మైకు కుర్రాడికి చెయ్యి ఊపాడు. అవతల ఆవిడ, "ఆమె పేరు..." అంటోంది. మైకు ఆగిపోయింది, జాతీయగీతం మొదలైంది. ఇంకేముంది, అందరం లేచి నిటారుగా నిలబడ్డాం. జాతీయగీతం వస్తుంటే ఎవరు మాట్లాడతారు? నేనూ మాట్లాడలేదు. అంత పవిత్రమైన దాన్ని ఒక మనిషి నోరు నొక్కడానికి వాడుకోవచ్చని ఆ రోజే తెలిసింది. ఏం జరిగిందో తెలియక ఆవిడ కూడా శాలువా సర్దుకుని మర్యాదగా నిలబడింది. గీతం అయ్యీ కాగానే జనం బిర్యానీ వైపు కదిలారు.

తిరిగొస్తూ కార్లో అడిగింది, "ఆయన మీతో ఏమన్నాడు?" అని. దాచబుద్ధి కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. "మా అమ్మా అదే అనేది" అంది. ఆ పేరు మళ్ళీ ఎత్తలేదు. అడిగే ముఖం నాకూ లేకపోయింది.

ఇవాళ కాఫీ కప్పుతోనే కంచె దగ్గరికి వెళ్ళి ఆ పేరేమిటని అడిగాను. తాడు ముడి వేస్తూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

ఇదంతా రాసుకుంటున్న ఈ కాగితాల్లో నేను ఎవరి పేరూ రాయలేదు. ఈ ఒక్కటి రాస్తాను. ఆమె పేరు బ్రిజిత్. సముద్రాలు దాటించి ఆమెను దించడానికి ఓడకు కొన్ని నెలలు పట్టి ఉంటుంది. ఆమె పేరు ఒక మైకు దాకా రావడానికి ఇన్ని తరాలు పట్టింది, వచ్చీ వచ్చీ మా హాల్లోనే ఆగిపోయింది.